లెక్కకు ముందు ఆలోచన

జంషెడ్‌పూర్ నుండి ఖర్కాయి నది దాటి, ఆదిత్యపూర్ మీదుగా వస్తే గమ్హరియా. చుట్టూ కర్మాగారాలే. ఉక్కు పరిశ్రమ వెంట ఈ ప్రాంతానికి ఎన్నో తెలుగు కుటుంబాలు తరలివచ్చాయి. మన పిల్లలు బడిలో హిందీలోనో ఇంగ్లీషులోనో చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతారు. సెలవు దినాల్లో వారిలో కొందరికి లెక్కలు చెప్పడం మాకు అలవాటు. అక్కడ మేము గమనించిన ఒక సంగతిని సహోద్యోగులతో పంచుకోదలచాము.

ఏడవ తరగతి బాలునికి ఒక లెక్క ఇచ్చాము. ఆరుగురు పనివారు ఒక గోడను 10 రోజుల్లో కడితే, అదే గోడను 15 మంది ఎన్ని రోజుల్లో కడతారు? "25 అంకుల్" అన్నాడు క్షణంలో. గుణకారం, భాగహారం రెండూ సరిగానే చేశాడు.

"మనుషులు పెరిగితే రోజులు పెరుగుతాయా, తగ్గుతాయా?" అని తెలుగులో అడిగాము. పిల్లవాడు నాలుక కరచుకున్నాడు.

"ఒక్కడే కడితే?"

"60 రోజులు."

"ఆ పనిని 15 మంది సమానంగా పంచుకుంటే?"

"నాలుగు!"

వ్యస్త త్రైరాశికం అన్న పేరు ఆ తరువాతే చెప్పాము.

మరొక లెక్క పెద్దలను కూడా తడబెడుతుంది. 60 కిలోమీటర్ల దూరంలోని ఊరికి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, 60 కిలోమీటర్ల వేగంతో తిరిగి వస్తే సగటు వేగమెంత? చాలామంది 45 అంటారు. వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి ఒక గంట. మూడు గంటల్లో 120 కిలోమీటర్లు. కనుక సగటు 40. నెమ్మదిగా సాగిన ప్రయాణానికి ఎక్కువ సమయం పట్టిందని గ్రహిస్తే సూత్రంతో పని లేదు.

లెక్కను తెలుగులో ఆలోచించడం మనకు కొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దంలో మహావీరాచార్యులు సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు.

ఇంత చెబుతున్న మేము పొరబడని వారమేమీ కాదు. ఉద్యోగపు తొలి రోజుల్లో, ఒక కర్మాగారంలో యంత్రాన్ని చల్లబరిచే నీటికి 100 మిల్లీమీటర్ల గొట్టం కావలసి వచ్చింది. అది దొరకక, 50 మిల్లీమీటర్లవి రెండు వేస్తే చాలునని రాసి ఇచ్చాము. నీరు చాలలేదు, యంత్రం వేడెక్కి ఒక షిఫ్టు పని ఆగిపోయింది. అప్పుడు వయసు మళ్లిన ఫోర్‌మన్ ఒకరు సుద్దముక్కతో నేలపై చతురస్రం గీసి, దానిని నాలుగు గళ్లుగా విడదీసి, "రెండు గళ్లే వేశారు సార్, మిగతా రెండూ ఏవి?" అన్నారు. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగవ వంతే అవుతుంది. పైగా సన్నని గొట్టాల్లో రాపిడి వల్ల కలిగే నష్టం అదనం. వృత్తవైశాల్య సూత్రం మాకు కంఠస్థమే. ఆ రోజు ఆలోచనే కొరవడింది.

కాబట్టి మిత్రులారా, ఈ రాత్రి మీ పిల్లల నోటుపుస్తకం తెరిచినప్పుడు జవాబు ఒప్పో తప్పో చూసి ఊరుకోకండి. "ఎందుకు?" అని ఒక్కమాట అడగండి. ఇంటి భాషలో అడగండి. చెప్పేవరకు ఓపిక పట్టండి.