పద్యానికి మూడు నిమిషాలు చాలునా?

భీమవరంలో సంక్రాంతికి మావుళ్ళమ్మ ఉత్సవాలు మొదలయ్యాయంటే నెల రోజులు ఊరికి నిద్ర ఉండదు. ఈ ఏడు అక్కడ రాయబారం నాటకం చూశాను. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ వేషాలు మారుతున్నాయి, వన్స్‌మోర్లు పడుతున్నాయి. ఒక్కో పద్యం చివర రాగం ఎంతకీ తెగదు! నాబోటి వాడికి విసుగొచ్చిందని ఒప్పుకుంటే పెద్దలు కోప్పడకూడదు. ఘంటసాల గారు సినిమాల్లో రాగం తగ్గించి, మాట స్పష్టంగా పలికి పాడిన పద్యాలతో పెరిగిన చెవులు మరి!

మర్నాడు పక్క పల్లెలో మా తాతగారి స్నేహితుడు, లెక్కల మాస్టారింటికి వెళ్ళి ఈ మాటే అన్నాను. ఎనభై దాటిన ఆ పెద్దాయన బదులు చెప్పకుండా అటక మీంచి పెట్టె దింపించారు. వాళ్ళ నాన్నగారు కొన్న రికార్డులు. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు, ఈలపాట రఘురామయ్య... అన్నీ 78 స్పీడువి. లక్కతో చేసినవి, చెయ్యి జారితే ముక్కలే.

ముందు స్థానం వారి సత్యభామ పాట పెట్టారు. 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలోది. 1966లో అదే పేరుతో వచ్చిన సినిమాలో సుశీల గారు పాడాక ఆబాలగోపాలానికీ తెలిసింది. సినిమా పాట విన్న చెవితో వింటే స్థానం వారి గొంతు మొదట వింతగానే ఉంది. మూడోసారికి ఆ మగగొంతులో సత్యభామ గీర నాకూ వినిపించింది.

"బాగుంది కదండీ! ఇంత పొందిగ్గా పాడొచ్చుగా స్టేజీ మీద కూడా?" అన్నాను.

మాస్టారు నవ్వారు. "పొందిక ఆయనది కాదురా అబ్బాయ్, పళ్ళేనిది. పక్కకి మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. ఆ లోపల పద్యం ముగించాలి. పూతరేకు పొట్లం చూసి, కుండ మీద రేకు తీసిన చేతిని అంచనా కడతావా?"

ఆ మాట నాతో చాలా దూరం నడిచింది. ఇటలీ దేశపు ఆపెరా గాయకుడు కరూసో 1902లో మిలాన్‌లో ఒక హోటల్ గదిలో గొట్టం ముందు నిలబడి పాడాడు. ఆ రికార్డులు చేసిన ఫ్రెడ్ గైస్‌బర్గే ఆ ఏడాది చివర కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట రికార్డు చేశాడు. కరూసోకీ గౌహర్ జాన్‌కీ కొలత ఒకటే... ఆ కాస్త పళ్ళెం! 1925 ప్రాంతాల్లో కరెంటు మైకు వచ్చేదాకా గొట్టానికి అందిన గొంతే గొంతు. కరూసో స్టేజీ మీద ఎలా ఉండేవాడని అక్కడి రసికులు వాదించుకున్నట్టే, మన గోదావరి జిల్లాల్లో షణ్ముఖి ఆంజనేయరాజు గారా, పీసపాటి నరసింహమూర్తి గారా అని వాదం. మాస్టారిది షణ్ముఖి పక్షం, రాగం. పక్కింటాయన ఒకప్పుడు హార్మోనీ వాయించినవాడైనా పీసపాటి పక్షం! "ఆయ్, పద్యం అర్థం కావాలండి ముందు. రాగం వాయించడానికి మేం ఉన్నాం కదండీ," అని ఆయన వాదన. నా ఓటు ఇప్పటికీ పీసపాటికే. కాకపోతే రాత్రి విసుక్కున్నంత ధీమాగా వెయ్యలేను.

చివరికి రఘురామయ్య గారి కృష్ణుడి పద్యం. మాస్టారు ఆయన్ని స్టేజీ మీద చూశారట. నోట్లో వేలు పెట్టి ఈల మీద రాగం తీస్తుంటే జనం ఊపిరి బిగబట్టేవారట. మాస్టారు ముల్లు మార్చి, కళ్ళు మూసుకున్నారు. నాలుగో పాదం కాస్త తొందరగా వచ్చింది. రాగం ఎత్తుకుంటూ ఉండగానే, గరగరమంటూ పళ్ళెం అయిపోయింది.

"ఇక్కణ్ణించి చూడు," అంటూ మాస్టారు, వణికే గొంతుతో, రికార్డు ఆగిన చోటు నించి రాగం అందుకున్నారు. శ్రుతి ఒకటి రెండు చోట్ల తప్పింది. నిమిషమైంది, రెండైంది... నేను గడియారం చూడ్డం మానేశాను. పద్యంలో కృష్ణుడు ఎందుకంత నిదానంగా నవ్వుతున్నాడో అప్పుడు అర్థమైంది.

అయిపోగానే గోడ అవతల నించి పీసపాటి పక్షం వారి కేక వినబడింది.

"వన్స్‌మోర్!"