ఒకే తోట, అయిదు సీసాలు

మద్యాన్ని గూర్చి ఈ పత్రికలో వ్యాసమా అని ముక్కున వేలు వేసుకోబోయే పాఠకులకు ముందుగానే ఒక మాట. మేము తాగుబోతులము కాము. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఎరిగిన ద్రాక్షరసం ఒక్కటే, అది ఆయుర్వేద వైద్యుల దగ్గర దొరికే ద్రాక్షాసవం. అదైనా ఒంట్లో నలతగా ఉన్నప్పుడు, చెంచా కొలతతో. పైగా యానాం వాళ్ళము కావడంవల్ల ఈ విషయంలో మాకు కొంత అపకీర్తి ముందే ఉంది. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం పెట్టినప్పుడు మా ఊరికి అంతమంది చుట్టాలు రావడం అంతకుముందు ఎన్నడూ ఎరగము. వాళ్ళలో మమ్మల్ని చూడడానికి వచ్చినవాళ్ళు ఎందరో లెక్క వెయ్యలేదు. ఆ గొడవ అలా ఉంచి, గత అక్టోబరులో ఫ్రాన్సులోని బోర్దో నగరంలో, మా బాల్యమిత్రుని ఇంట జరిగిన ఒక విందు సంగతి చెప్పదలచుకున్నాము.

ఈ మిత్రుడూ మేమూ యానాంలో ఒకే వీధిలో గోలీలాడుకుంటూ పెరిగినవాళ్ళము. 1954 నవంబరు 1న ఊరి పాలన చేతులు మారినప్పుడు మాకు నాలుగేళ్ళు. జెండా మారిందని తరువాత పెద్దవాళ్ళు చెప్పగా వినడమే. 1962 ఆగస్టు 16న ఒడంబడిక అమలులోకి వచ్చాక, ఫ్రెంచి పౌరులుగా ఉండదలచినవాళ్ళు ఆరు నెలలలోగా రాసి ఇవ్వాలన్నారు. వాళ్ళ నాన్నగారు సంతకం పెట్టారు. మా నాన్నగారు పెట్టలేదు. ఆ ఒక్క సంతకంతో అతడు ఫ్రెంచి సైన్యానికి పోయాడు, మేము కాకినాడ కాలేజీకి పోయాము. సైన్యంలో గడువు తీరాక అతడు బోర్దోలో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డాడు. భార్య మన తాళ్ళరేవు ఆడపడుచు.

ఇప్పుడు అతనికీ మాకూ డెబ్బై దాటాయి. మేడమెట్లు ఎక్కలేక, ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాటులోకి మారుతున్నాడు. ఫ్లాటుకు నేలమాళిగ లేదు. డాక్టరు చూస్తే గుక్కెడు మించకూడదన్నాడట. “నేలమాళిగలో అయిదు సీసాలు మిగిలాయిరా. ఇంటితోపాటు ఎవడికో అప్పగించలేను, నేనొక్కణ్ణీ తాగలేను. నువ్వూ చెల్లెమ్మా రండి” అని ఫోను చేశాడు. మా అబ్బాయి ప్యారిస్ దగ్గర ఉద్యోగంలో ఉన్నాడు గనుక ఎలాగూ వెళ్ళవలసినవాళ్ళమే, వెళ్ళాము.

ఆ అయిదూ ఒకే తోటవి, వేరువేరు సంవత్సరాలవి. బోర్దోకు ఉత్తరంగా నలభై కిలోమీటర్లు దాటి వెళితే, జిరోంద్ నది సముద్రంలో కలవబోయే ముందు బాగా వెడల్పై పారే చోట, ఎడమ గట్టున సేన్ జూలియేన్ అనే ఊరుంది. ఆ ఊళ్ళోది షాతో తల్బో తోట. నేల నిండా గులకరాళ్ళు. మన గోదావరి రైతు చూస్తే “ఇదేం భూమండీ బాబూ” అని వెనక్కి తిరుగుతాడు. ద్రాక్షతీగకు మాత్రం అదే కావాలి. వాననీరు నిలవదు, పగటి వేడిని రాళ్ళు దాచుకుని రాత్రి తీగకు ఇస్తాయి, వేళ్ళు నీటిని వెతుక్కుంటూ లోతుకు పోతాయి. 1855లో మూడవ నెపోలియన్ ప్యారిస్ ప్రదర్శనకోసం ఈ ప్రాంతపు ఎర్ర వైన్లను అయిదు తరగతులుగా ఏర్పరిపించినప్పుడు తల్బోను నాలుగవ తరగతిలో పెట్టారు. నాలుగవ తరగతి అని చిన్నచూపు చూడకండి, ఆ జాబితాలోకి ఎక్కడమే గొప్ప. అది దాదాపు అలాగే నేటికీ చెల్లుతున్నది. 1973లో ఒక్క తోటను మాత్రం రెండవ తరగతినుంచి మొదటికి ఎక్కించారు. పట్టింపులు మన దగ్గరే ఎక్కువ అనుకునేవాళ్ళు ఇది గమనించాలి.

పేరు సంగతి ఇంకా చిత్రం. 1152లో ఆ దేశపు ఏలిక అయిన ఎలియెనోర్ దొరసాని హెన్రీని పెళ్ళాడింది. రెండేళ్ళకు అతడు ఇంగ్లండు రాజైనాడు. దానితో బోర్దో మూడువందల ఏళ్ళు ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉండిపోయింది. 1453 జూలై 17న కాస్తియోన్ యుద్ధంలో టాల్బట్ అనే ముసలి ఇంగ్లీషు సేనాని చచ్చిపోయాక గాని ఫ్రెంచివాళ్ళకు పూర్తిగా దక్కలేదు. ఆ ఓడిన సేనాని పేరే ఈ తోటకు పెట్టుకున్నారు! మన వైపు 1758లో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ కొట్టుకున్నారు. గెలిచినవాడి పేరు గాని, ఓడినవాడి పేరు గాని మనవాళ్ళు ఒక్క మామిడితోటకైనా పెట్టినట్టు వినలేదు.

విందుకు ఆరుగురము. వాళ్ళిద్దరూ, మేమిద్దరమూ, యానాంలోనే పుట్టి ప్యారిస్‌లో రిటైరైన మరో మిత్రుడూ, పక్కింటి ఫ్రెంచి పెద్దాయనా. ఈ పెద్దాయన జీవితమంతా ద్రాక్షతోటల కొట్లలో పనిచేసినవాడు. 225 లీటర్ల పీపాలో వైను తేటపడడానికి అయిదారు కోడిగుడ్ల తెల్లసొన గిలక్కొట్టి పోసేవాళ్ళమని ఆయన చెబితే మా ఆవిడ పచ్చసొన ఏం చేసేవాళ్ళని అడిగింది. ఆయన నవ్వి, భోజనం చివర తినడానికి తెచ్చిన కనెలే అనే నల్లటి బెల్లపురంగు మిఠాయి పొట్లం చూపించాడు.

రెండు రోజుల ముందే సీసాలను పక్కమీదనుంచి లేపి నిలబెట్టారట. పాత వైనులో అడుగున మడ్డి చేరుతుంది. సీసాను కదిపితే అంతా కలిసిపోయి పాడు. పాత బిరడాలు మెత్తబడి ఉంటాయి గనుక మెలికల మేకు గుచ్చకుండా, రెండు పలచని రేకుల పనిముట్టును బిరడాకీ సీసాకీ మధ్య దూర్చి మెల్లిగా తిప్పుతూ తీశాడు పెద్దాయన. సీసా మెడ వెనక కొవ్వొత్తి వెలిగించి పెట్టుకుని, గాజు కూజాలోకి సన్నధారగా వంపుతూ, మడ్డి మెడదాకా వచ్చేసరికి ఆపేశాడు. మా అమ్మమ్మ నెయ్యి తేర్చడం గుర్తుకు వచ్చింది.

వరసను గూర్చి చిన్న తగవు వచ్చింది. లేతది ముందు, ముదురుది తరువాత అని పెద్దాయన పద్ధతి. ఆ లెక్కన 2003 సీసా మొదట రావాలి, తరువాత 2000, 1991, 1986, 1982. మా మిత్రుడు 2003ను తీసి చివరికి పెట్టాడు. ముసలి వైన్ల తరువాత ఇది మోటుగా తోస్తుందని పెద్దాయన వాదించాడు. “అది చివరికే” అన్నాడు మిత్రుడు, అంతకుమించి ఏమీ అనలేదు. అతని భార్య వంటింట్లోకి వెళ్ళింది. మాకు తెలుసు గనుక మేము పళ్ళెంవైపు చూశాము.

2000 సంవత్సరపుదాన్ని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. అంకె బాగుంది, పంటా బాగా పండింది, ఊరందరూ కొన్నారు, వీళ్ళూ కొన్నారు. అయితే వైన్లలో వగరు అంటే ఏమిటో మాకు దానితోనే తెలిసింది. కబెర్నే సొవిన్యోన్ అనే ద్రాక్ష తొక్కలోను గింజలోను ఉండే వగరు అది. కరక్కాయ నమిలితే నాలుక ఎలా బిగుస్తుందో అలా బిగుస్తుంది. మాంసం ముక్క తిని తాగితే విడుస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వగరే మెత్తబడి మడ్డిగా అడుగుకు చేరుతుందట. కొత్త ఆవకాయ ఘాటూ, ఏడాది ఊరిన ఆవకాయ రుచీ ఎరిగినవాళ్ళకు ఇంతకంటె చెప్పనక్కరలేదు.

1991 అలా కాదు. ఆ ఏడు ఏప్రిల్ 21 రాత్రి బోర్దో అంతటా గడ్డకట్టే చలి పడి లేతచిగుళ్ళు మాడిపోయాయి. పంట చాలా పోయింది. దుకాణాల్లో దాన్ని ఎవరూ అడగలేదట. మా మిత్రుడు మాత్రం కొన్నాడు, ఎందుకంటే వాళ్ళ అమ్మగారు యానాంనుంచి కొడుకు దగ్గరకు వచ్చేసింది ఆ ఏప్రిల్‌లోనే. మన దగ్గర వడగాడ్పులు మొదలయ్యే నెలలో బయలుదేరి, అక్కడ విమానం దిగేసరికి నేతచీర మీద రెండు శాలువాలు కప్పుకున్నా వణికిపోయిందట. “దీన్నా ఎండాకాలం అంటారు?” అందట. వైను పలచగా, లేత ఇటుకరంగులో ఉంది. కాని తడిసిన ఆకుల వాసనలాంటిది ఒకటి దానిలో ఉంది. ఈపాటికి చచ్చిపోయి ఉండాలి, ఎలాగో బతికింది అన్నాడు పెద్దాయన. ప్యారిస్ మిత్రుడు రెండోసారి దాన్నే పోయించుకున్నాడు.

1986 అబ్బాయి పుట్టిన సంవత్సరం. ఇప్పటికీ బిగువు వదలలేదు. అబ్బాయి కూడా అంతేనని తల్లి అంది. 1982 అమ్మాయి పుట్టిన సంవత్సరం, ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన పంట. పాత చింతపండు రంగు తిరిగింది. నోట్లో వేసుకోగానే వగరు లేదు, పులుపు లేదు, తీపీ కాదు. పాత దేవదారు పెట్టె మూత తీసినట్టుంది. మా ఆవిడ రెండు చుక్కలు నాలిక్కి రాసుకుని “మందులా లేదండీ” అంది. అది పొగడ్తే సుమండీ.

ఇక ఆ అమ్మగారి సంగతి. ఆమె పన్నెండేళ్ళు బోర్దోలో ఉండి వైను ముట్టలేదు, ఫ్రెంచి నేర్వలేదు, అయినా సంతలో బేరం మానలేదు. ఒక వసంతకాలంలో చేపల అంగట్లో ఒక చేపను చూసి అక్కడే నిలబడిపోయిందట. దాని పేరు అలోజ్. సముద్రంనుంచి నదికి ఎదురెక్కి వచ్చి గుడ్లు పెడుతుంది, ఒళ్ళంతా ముళ్ళు, మన పులసకు దగ్గర చుట్టం. పులస వరదకాలంలో గౌతమి ఎక్కితే, ఇది వసంతంలో జిరోంద్ ఎక్కుతుంది. అక్కడివాళ్ళు దాన్ని ద్రాక్షపుల్లల నిప్పులమీద కాల్చుకుంటారు, లేదా చుక్కకూర జాతి పుల్లటి ఆకుతో వండుకుంటారు. ఈవిడ పులుసు పెట్టింది. చింతపండు దొరకని రోజుల్లో, ఇంట్లో మిగిలిన వైనును పులియబెట్టుకునే వినిగర్ జాడీనుంచి గరిటెడు పోసేదట. తాగనిదాన్ని పులుసులో ఎలా పోశావమ్మా అని కొడుకు అడిగితే “పులిసిపోయాక పాపం పోతుందిరా” అందట. 2008నుంచి ఆ నదుల్లో అలోజ్ పట్టరాదని ఆంక్ష పెట్టారు, చేప అంతగా తగ్గిపోయింది.

2003 ఆగస్టులో మా మిత్రుడు యానాంలో ఉన్నాడు. పాత ఇంటి కప్పు కురుస్తున్నదని చూడడానికి వచ్చాడు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో పులస, విస్తళ్ళు వేశాము. ఫోను మోగింది. ఫ్రాన్సులో ఆ నెల మొదటి పక్షంలో వీచిన వేడికి సుమారు 15,000 మంది పోయారు, ఎక్కువమంది వృద్ధులే. చలికోసం కట్టిన ఇళ్ళు. ఫ్యాను కూడా ఉండని ఇళ్ళు. కోడలు పనికి వెళ్ళి సాయంత్రం తిరిగి వచ్చేసరికి అమ్మగారు కుర్చీలోనే ఉందట, తలుపులన్నీ మూసుకుని. యానాం ఎండల్లో అరవైనాలుగేళ్ళు బతికిన మనిషి ఫ్రాన్సు ఎండకు పోయింది. ఆ రోజు విస్తళ్ళు అలాగే ఎత్తేశాము.

అయిదవ సీసా ఆ వేసవిది. ఎండకు కోతలు ముందే మొదలైనాయి. వేళ్ళు లోతుకు పోయిన ముదురు తీగలే తట్టుకున్నాయని పెద్దాయన చెప్పాడు. ఆ సంవత్సరపుదీ కొన్నాడు మా మిత్రుడు. కొన్నాడే గాని ఇన్నేళ్ళూ తియ్యలేదు. ఆ రాత్రి గ్లాసుల్లో పోశాక కూడా అతడు ముట్టుకోలేదు. మొదట ఎత్తింది అతని భార్య. “ఆ రోజు నేను పనికి వెళ్ళకుండా ఉండవలసిందండీ” అంది, మాతో, తెలుగులో. పెద్దాయనకు మాట అర్థం కాకపోయినా గ్లాసు కింద పెట్టేశాడు.

“నేను ఇంటి కప్పు చూసుకోవడానికి వెళ్ళకుండా ఉండవలసింది” అన్నాడు మిత్రుడు.

ఇరవై ఏళ్ళు దాటినా ఆ ఇద్దరూ ఈ మాట ఒకరితో ఒకరు అనుకోలేదని మాకు అప్పుడు తెలిసింది. ఇరువురూ అవతలివాళ్ళు తమను తప్పు పడుతున్నారనుకున్నారట. ఏమనడానికీ మాకు తోచలేదు. కాసేపటికి ఆమె ఒక గుక్క తాగి, “బాగుంది” అంది, ఆశ్చర్యంగా. నిజంగానే బాగుంది. వగరు తక్కువ, మెత్తన. కిస్‌మిస్ పండు, ఖర్జూరం తలపునకు వచ్చాయి. మోటుగా తోస్తుందన్న పెద్దాయన తన మాట వెనక్కి తీసుకున్నాడు. “అత్తయ్యగారుంటే సీసా ఎంతకు కొన్నావురా అని అడిగేవారు” అంది ఆమె. “సగం ధర చెప్పేవాణ్ణి” అన్నాడు అతడు. డాక్టరు చెప్పిన గుక్కెడూ అప్పుడు తాగాడు.

ఆ సీసాలో నాలుగు వేళ్ళ వైను మిగిలింది. ఆమె దాన్ని వంటింట్లోకి తీసుకువెళ్ళి అత్తగారి జాడీలో పోసి మూత పెట్టింది. మర్నాడు సామానులు సర్దేవాళ్ళు వచ్చి దాన్ని కూడా పెట్టెలో పెట్టబోతే పెట్టనివ్వలేదు. దుప్పటి చుట్టి, కారులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.