చుట్టకు తగిన ఆకు

షెర్లాక్ హోమ్స్ పేరెరుగని విద్యార్థి అరుదు. ఆర్థర్ కానన్ డాయిల్ 1890లో ప్రకటించిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ అనే నవలలో ఆ అపరాధ పరిశోధకుడు పొగాకు బూడిదలను గురించి తాను ఒక చిన్న గ్రంథమే వ్రాశాననీ, అందులో 140 రకాల పొగాకులను పేర్కొన్నాననీ మిత్రునితో చెబుతాడు. నేరస్థుడు కాల్చిన చుట్ట ఏదో తెలిస్తే వెదకవలసిన మనుష్యుల సంఖ్య ఎంతో తగ్గిపోతుందని అతని వాదం. అందుకు ఉదాహరణగా అతడు చూపినది ‘లంకా’ చుట్ట. ఆ మాట చదివి సింహళద్వీపాన్ని తలచుకొన్న పాఠకులు ఉంటే ఉండవచ్చు. కాని అది సింహళం కాదు, గోదావరి. నది పాయల నడుమ ఒండ్రు మేట వేయగా ఏర్పడిన దిబ్బలను అక్కడివారు లంకలంటారనీ, ఆ లంకలలో పండిన ఆకుతో చుట్టిన ఘాటైన చుట్టకు మద్రాసు రాజధానిలో ఆ పేరు వచ్చినదనీ 1886లో యూల్, బర్నెల్ పండితులు ప్రకటించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు చెబుతున్నది. లండను నగరపు కథలో గోదావరి ఒడ్డు మాట ఒకటి ఈ విధంగా చోటు చేసుకొన్నది.

ఇంతకూ ఆ ఆకులోని విశేషమేమిటి? చుట్ట మంచిదో కాదో చుట్టేవాని వ్రేళ్ళకంటె ముందు ఆకు నిర్ణయిస్తుంది. కార్ఖానాలో తయారై పెట్టెలలో వచ్చే చుట్టలో ఏ ఆకు ఎంత కలిసినదో కొన్నవానికి తెలియదు. ఇంటి అరుగుమీద కూర్చుండి చుట్టుకొనేవాడు మాత్రం కాడల లెక్కన నిండు ఆకును కొని, ఎంచి, పదును చేసి, తానే చుట్టుకొంటాడు. గోదావరి మండలాలలోను, విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాలలోను తరతరాలుగా సాగిన ఈ ఎంపిక వెనుక వృక్షశాస్త్రమూ ఉన్నది, రసాయనశాస్త్రమూ ఉన్నది. వాటి పేర్లయినా వినకుండానే వాటిని ప్రయోగించిన ముసలివారు ప్రతి ఊరిలోను ఉండేవారు.

పొగాకు ఈ దేశపు మొక్క కాదు. వంగ, మిరప, టమాటాలు చేరిన కుటుంబానికే చెందిన ఈ మొక్క అమెరికా ఖండాల నుండి పోర్చుగీసువారి ఓడలలో వచ్చినది. పదిహేడవ శతాబ్దారంభంలో అసద్ బేగ్ అనే అధికారి బిజాపూరు నుండి అక్బరు సభకు దీనిని తీసికొనిపోయాడు. పాదుషా రెండు మూడు దమ్ములు పీల్చి చూచాడు. ఆస్థాన వైద్యుడు వలదన్నాడు. 1617లో జహంగీరు నిషేధమే విధించాడు. ఆ నిషేధం ఎన్నాళ్ళు నిలిచినదో చెప్పనక్కరలేదు. మూడు శతాబ్దాలు తిరిగేసరికి చుట్ట తెలుగునాట ఎంతగా పాతుకొన్నదంటే, గిరీశం వద్ద వెంకటేశానికి నిజంగా పట్టుబడిన విద్య చుట్ట కాల్చడమొక్కటే. ‘కన్యాశుల్కం’ పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఆ ఘట్టం గుర్తు చేయడం అనవసరం.

వర్షాకాలంలో గోదావరి పొంగి లంకలను ముంచుతుంది. వరద తీసిన తరువాత నేలమీద క్రొత్త ఒండ్రు పొర మిగులుతుంది. ఆ తడిమీద నారు నాటితే మాఘ ఫాల్గుణాల నాటికి ఆకు కోతకు వస్తుంది. ఏటేటా వచ్చే తీపినీటి వరద నేలలోని ఉప్పును కడిగివేస్తుంది. చుట్ట కాలే తీరుకు ఇదే మూలం. ఆకులో పొటాషియం తగినంత ఉంటే నిప్పు నిలకడగా, సమంగా ప్రాకుతుంది. క్లోరైడు ఎక్కువైతే చుట్ట మాటిమాటికి ఆరిపోతుంది. ఆకు బరువులో అది నూటికి రెండు పాళ్ళు దాటినదంటే అగ్గిపెట్టె ఖాళీ కావలసినదే. ఉప్పునీటి బావి క్రింద పెరిగిన ఆకు వెడల్పుగా, నునుపుగా, కంటికి ఎంత ఇంపుగా ఉన్నా చుట్టకు పనికిరాదు.

కాబట్టి ఎరిగినవాడు సంతలో ముందుగా చేసే పరీక్ష నిప్పు పరీక్ష. కాడలోనుండి ఒక ఆకు తీసి, దాని అంచును నిప్పు తగిలించి, మంటను ఊది ఆర్పి చూస్తాడు. నిప్పు అంచు వెంట ఎర్రగా ప్రాకుతూ గుండ్రంగా విస్తరిస్తే ఆకు మంచిది. నల్లగా మాడి అక్కడే ఆగిపోతే దానిని తిరిగి కట్టలో పెట్టివేయవచ్చు. వర్తకుడు ఎంత పొగడినా ఈ పరీక్షకు మారు లేదు. బూడిదను కూడ చూడవలె. గట్టిగా నిలిచి, లేత బూడిద వర్ణంలో ఉంటే ఆకు చక్కగా కాలినట్లు. నల్లగా ఉండి పొరలు పొరలుగా రాలితే అరకొరగా కాలినట్లు. హోమ్స్ దొర గ్రంథం ఊహామాత్రమే కావచ్చు గాని, బూడిదను చదివే విద్య మాత్రం ఊహ కాదు.

రంగు చూచి మోసపోయేవారే లోకంలో ఎక్కువ. నల్లని ఆకంతా ఘాటైనదనీ, పసుపుపచ్చని ఆకంతా చప్పనిదనీ సామాన్యంగా అనుకొంటారు. ఘాటును నిర్ణయించేది రంగు కాదు, మొక్కమీద ఆ ఆకు ఉన్న స్థానం. నికోటిన్ పుట్టేది ఆకులో కాదు, వేళ్ళలో. అక్కడినుండి కాండం గుండా ఆకులకు ఎక్కుతుంది. పురుగులు తినకుండ మొక్క తన్ను తాను కాపాడుకొనడానికి సమకూర్చుకొన్న విషమది. రైతు పూమొగ్గను తుంచి, పిలకలను గిల్లివేస్తే మొక్క బలమంతా ఆకులకు చేరి, అవి దళసరియై కారమెక్కుతాయి. పై ఆకులకు ఎండ ఎక్కువ; అవి చిన్నవి, మందమైనవి, అన్నిటికంటె ఘాటైనవి. అడుగు ఆకులు పలుచన, చప్పన. వానకు చిందిన మన్నూ ఇసుకా వాటినే అంటుకొని ఉంటాయి. నడిమి ఆకులు వెడల్పుగా, సాగే గుణం కలిగి ఉంటాయి. క్యూబా దేశంలో చుట్టలు చుట్టేవారు అడుగు ఆకును వొలాడో అనీ, నడిమి ఆకును సెకో అనీ, పై ఆకును లిహేరో అనీ వేరువేరు పేర్లతో పిలుస్తారు. సులభంగా కాలడానికి మొదటిది, వాసనకు రెండవది, బలానికి మూడవది కలుపుతారు. కారం కోరి కట్ట అంతా కొస ఆకే ఏరుకొనేవాడు ఆరిపోయే చుట్టతో కుస్తీ పట్టవలసి వస్తుంది.

చేతి పరీక్ష తరువాతిది. ఆకును పిడికిటి కణుపులమీద పరచి మెల్లగా లాగితే కొద్దిగా సాగి తిరిగి సర్దుకోవలె. పుటుక్కున చిరిగితే పై చుట్టుకు పనికిరాదు. లోపలికి పనికివస్తే రావచ్చు. పై ఆకుకు చిల్లు ఉండకూడదు, ప్రక్క ఈనెలు సన్ననివై ఉండవలె. లావుపాటి ఈనె అసమంగా కాలి చుట్టను ఒక ప్రక్కకు తినివేస్తుంది. గుండుసూది మోపినంత చిల్లులూ, క్రింద సన్నని పొడీ కనిపిస్తే ఆ కట్టలో పురుగు ఉన్నదన్నమాట. నిలువ పొగాకును తొలిచే ఈ చిన్న పెంకుపురుగు ఒక కట్టలో ఉంటే ఇంటిలోని కట్టలన్నిటికీ ప్రాకుతుంది. ఆకుపచ్చని మచ్చలున్న ఆకును ఎంత చవుకగా ఇచ్చినా తీసికొనరాదు. అది తొందరపడి ఎండబెట్టిన ఆకు. పచ్చదనం విరగక ముందే ప్రాణం పోయినది. ఎన్నాళ్ళు దాచినా దాని పసరు వగరు పోదు. కొందరు అంగళ్ళవారు తూకం పెరగడానికి ఆకుమీద నీరు చల్లుతారు. మెత్తగా ఉన్నదని ముచ్చటపడి కొన్న ఆ ఆకు ఇంటికి వచ్చిన నాలుగు రోజులకు బూజు వాసన వేస్తుంది.

పదును చేయడం వేరు, తడపడం వేరు. ఎండిన ఆకును ఉన్నదున్నట్లు విప్పితే పొడియై రాలుతుంది. తడిపి పిండిన గుడ్డలో చుట్టి రాత్రి ఉంచితే తెల్లవారేసరికి పట్టు వస్త్రంవలె మడతపడుతుంది. అప్పుడు నడిమి ఈనెను కొసనుండి మొదటికి చీల్చి తీసివేస్తే రెండు అరలు చేతికి వస్తాయి. ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. ప్రక్క ఈనెలు నడిమి ఈనె నుండి ఏటవాలుగా సాగుతాయి కనుక కుడి అరను ఒక వైపుకూ, ఎడమ అరను మరొక వైపుకూ చుట్టవలె. అలా చుట్టినప్పుడే ఈనెలు చుట్ట పొడవునా పడుకొంటాయి. తారుమారైతే అడ్డంగా ఉబ్బి కనబడతాయి. ఆకు నునుపు ముఖం బయటికి, ఈనెల ముఖం లోపలికి ఉండవలె. లోపలి ఆకును ముక్కలు చేయక పొడవుగా మడచి పెడితే నడుమ గాలికి దారి ఉంటుంది. మరీ బిగిస్తే దమ్ము రాదు, వదులైతే మండిపోతుంది. కొసను దారంతో కట్టేవారు కొందరు, గంజితో అంటించేవారు కొందరు.

గుంటూరు సీమలో 1920ల నుండి విస్తరించిన వర్జీనియా ఆకు ప్రపంచ విపణిలో పేరు పొందినది. బంగారు వన్నె గల ఆ ఆకుతో మంచి చుట్ట ఎందుకు కాదు? కారణం ఆరబెట్టే పద్ధతిలో ఉన్నది. వర్జీనియా ఆకును బారనులో పెట్టి గొట్టాల వేడితో కొద్ది రోజులలోనే ఆరబెడతారు. అందువల్ల ఆకులోని చక్కెర అలాగే నిలిచిపోయి, పొగకు ఆమ్లగుణం వస్తుంది. ఆమ్లపు పొగలోని నికోటిన్ నోటిలో ఇంకదు. దానిని ఊపిరితిత్తులకు పీల్చితే గాని కైపు ఎక్కదు. అది సిగరెట్టు మార్గం. చుట్ట ఆకును గాలికీ ఎండకూ వారాల తరబడి మెల్లగా ఆరబెట్టి, తరువాత కుప్పవేసి మాగబెడతారు. కుప్ప లోపల వేడి పుడుతుంది. దానిని విప్పి, లోపలి ఆకు బయటికీ బయటి ఆకు లోపలికీ మార్చి తిరిగి కడతారు. చక్కెర ఖర్చైపోతుంది, మాంసకృత్తులు విరిగి అమ్మోనియా వెలువడుతుంది, రంగు ముదురుతుంది, వగరు చచ్చి వాసన పుడుతుంది. ఆ పొగకు క్షారగుణం ఉంటుంది కనుక పీల్చకపోయినా నోటి చర్మం గుండానే నికోటిన్ రక్తానికి చేరుతుంది.

ఆ వాసన వెల కూడ చెప్పవలసి ఉన్నది. పొగాకుకే ప్రత్యేకమైన నైట్రోసమీన్లు అనే క్యాన్సరు కారకాలు పచ్చి ఆకులో దాదాపు ఉండవు. ఆరబెట్టేటప్పుడూ మాగబెట్టేటప్పుడూ అవి ఏర్పడతాయి. కార్ఖానా మందులేవీ కలియని నాటు ఆకు గనుక ఇంటి చుట్ట హాని చేయదని పల్లెలలో ఒక నమ్మకమున్నది. పదును, వాసన, నిలకడ ఎరిగిన చేతులకు ఇందులో మాత్రం పొరపాటు జరిగినది: చుట్టను రుచిగా చేసిన మాగుడే విషాన్ని కూడ పెంచుతుంది. పొగ మింగనివానికి ఊపిరితిత్తుల ముప్పు సిగరెట్టంత కాకపోవచ్చు. నోటికీ, గొంతుకూ, అన్నవాహికకూ ముప్పు తప్పదు. తడి ఆకు కోసేవారికి చర్మం గుండా నికోటిన్ ఎక్కి తల తిరిగి వాంతులు అవుతాయి. అది చుట్ట అంటించకుండానే వచ్చే జబ్బు.

శ్రీకాకుళం, విశాఖ తీరాలలో స్త్రీలు నిప్పుకొనను నోటిలో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు మరీ దారుణమైనది. గాలికి ఆరదనీ, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుందనీ ఆ పద్ధతిని సమర్థించుకొనేవారు. అంగిలి ఆ వేడికి తెల్లబడి, పుండ్లుపడి, కొందరికి క్యాన్సరుగా పరిణమించినది. ఆంధ్ర తీరంలోని అంగిలి క్యాన్సరుకూ అడ్డపొగకూ గల సంబంధాన్ని వైద్యులు 1957లోనే ప్రకటించారు. ఆకు ఎంత ఏరినదైనా ఆ నిప్పు చల్లబడదు.

1947లో రాజమహేంద్రవరంలో వెలసిన కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ లంకాకుమీద కూడ పరిశోధన సాగించినది. 2003 నాటి చట్టం పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మడాన్నీ, విద్యాలయానికి నూరు గజాల లోపల అమ్మకాన్నీ నిషేధించినది. 2009 నుండి పెట్టెలమీద హెచ్చరిక బొమ్మలు వచ్చినవి. సంతలో విడిగా కొన్న కాడకు పెట్టె ఉండదు గనుక ఆ బొమ్మా ఉండదు. ఇక తాతగారి కోసం రెండు కాడలు తెమ్మని బడి పిల్లవాణ్ణి కొట్టుకు పంపడం పల్లెలలో ఎన్నడూ తప్పనిపించలేదు. ఆ పిల్లవాని చేతికి ఆకు అందించిన కొట్టువాడు చట్టం ప్రకారం నేరస్థుడే.