గోడమీది కాగితాలు

తపాలా బిళ్ళలు కూడబెట్టేవానిని చూచి లోకం ముచ్చటపడుతుంది. పాత నాణేలు కూడబెట్టేవానిని పండితుడని నమస్కరిస్తుంది. సినిమా వాల్‌పోస్టర్లు కూడబెట్టేవానిని చూచి మాత్రం, ‘పాపం, వీనికి మరి పని లేదు కాబోలు’ అని నవ్వుతుంది. తెలుగు పాఠం చెప్పి పొట్టపోసికొనే నావంటివాడు ఆ పనికి పూనుకుంటే నవ్వు మరికొంచెం పెద్దదవుతుంది. ముప్పై ఏండ్లుగా ఆ నవ్వుకు అలవాటుపడినవాడను గనుక, ఈ వ్యసనం ఎట్లా అంటినదో, దానివల్ల నేను నేర్చినదేమిటో తోడి ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ విన్నవించుకోవడానికి నేడు సంకోచించను.

మాది నెల్లూరు జిల్లా పడమటి సీమలోని అనంతసాగరం. రాయల కాలం నాటిదని మావాళ్ళు చెప్పుకొనే పెద్ద చెరువు ఒకటి, దాని క్రింద మాగాణి, ఆపైన మెట్ట, ఇంకా ఆపైన ఉదయగిరి వైపు కొండల వరుస — ఇదీ మా ప్రపంచం. నాకు పదేండ్ల వయసప్పుడు, అంటే 1979 ప్రాంతంలో, సోమశిల వద్ద పెన్నకు అడ్డంగా ఆనకట్ట కడుతున్నారు. పనికి వచ్చిన జనంతో ఊళ్ళు కళకళలాడుతుండేవి. టూరింగు టాకీసు డేరా దిగిందంటే ఆ కళకు పండుగ తోడైనట్లే. యంత్రం ఒకటే గనుక రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. ఆట మొదలయ్యేముందు ఘంటసాలవారి భక్తిగీతం రికార్డు వేస్తే, అది విని పొలాల గట్లమీది జనం నడక వేగం పెంచేవారు.

అయితే నన్ను కట్టివేసినది డేరాలోని బొమ్మ కాదు. పగటిపూట బండిమీద వచ్చే బొమ్మ. ఒంటెద్దు బండికి ఇరువైపులా వెదురు తడికలు కట్టి, వాటిమీద రంగు రంగుల పోస్టర్లు అంటించి, మైకులో కేకలు వేస్తూ ఊరూరా త్రిప్పేవారు. వెనుక పరుగెత్తే పిల్లలమీదికి కరపత్రాలు విసిరేవారు. పచ్చ కాగితం, గులాబి కాగితం — దొరికినవాడు దొర. డబ్బులుంటే సినిమా; లేకపోతే కాగితమే సినిమా. మాలో చాలామందికి రెండవదే ప్రాప్తి.

ఒకమాట చెప్పాలి. మా వీధి పిల్లలలో పలువురికి సంయుక్తాక్షరాలు బడిలో కంటే గోడమీద ముందుగా పట్టుబడినవి. పలకమీద ‘క్ష’ దిద్దమంటే ఏడ్చినవాడు, గోడమీద మనిషంత ‘క్ష’ కనబడితే ఇట్టే గుర్తుపట్టేవాడు. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. మన అక్షరాలు గుండ్రనివి. సీసపు అచ్చులో అన్నీ ఒకే తీరున ఒదిగి కూర్చుంటాయి. పోస్టరు చిత్రకారుని చేతిలో అవి ఒక్కొక్కటి ఒక్కొక్క వేషం కట్టేవి. జానపద చిత్రమైతే కొమ్ములు కత్తివాదరలయ్యేవి. పౌరాణికమైతే అక్షరాలు గుడిగోడ మీది శిల్పంలాగా మందంగా నిలిచేవి. సాంఘికమైతే కలం జారినట్లు వాలిపోయేవి. ఆ రోజులలో కథానాయకుని ముఖాన్ని ఛాయాచిత్రం చూచి ఎవరైనా వేయగలరు గాని, పేరును అంత సొగసుగా వ్రాయడానికి వేరే చేయి కావాలి. తెలుగు లిపి సౌందర్యాన్ని గూర్చి మనం వ్రాసుకొన్న వ్యాసాలలో ఈ చేతులకు తగినంత చోటు దొరకలేదని నా అభియోగం.

ఆ చేతులలో ఒకటి ఈశ్వర్‌గారిది. పాలకొల్లు నుంచి మద్రాసు చేరిన ఆ చిత్రకారునకు ప్రచార కళలో తొలి చిత్రం 1967లో బాపు దర్శకత్వం వహించిన ‘సాక్షి’. ఆ తరువాత ఆయన పోస్టర్లు గీచిన చిత్రాలు వేలకు చేరినవి. తన అనుభవాలను ‘సినిమా పోస్టర్’ అనే గ్రంథంగా కూడా వెలువరించారు. 2015 సంవత్సరానికి గాను రఘుపతి వెంకయ్య పురస్కారం ఆయనకు ప్రకటించినప్పుడు, గోడమీద ఎండకు వెలిసి వానకు నానిన కాగితానికి ఒకసారి శాలువ కప్పినట్లనిపించింది. 2021లో ఆయన కన్నుమూశారు.

ఈ కళకు వంశవృక్షం వెదకితే అది రాతిలో మొదలవుతుంది. పద్ధెనిమిదవ శతాబ్ది చివర జర్మను దేశస్థుడు సెనెఫెల్డర్ కనుగొన్న శిలాముద్రణం అతి సులభమైన సూత్రంమీద నిలిచినది: నూనెకూ నీటికీ పొసగదు. నునుపైన సున్నపురాతిమీద జిడ్డు కలిగిన బలపంతో బొమ్మ గీచి, రాతిని తడిపి, నూనె సిరా పూస్తే బొమ్మ ఉన్నచోటనే సిరా నిలుస్తుంది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి. 1894లో రవివర్మ బొంబాయిలో పెట్టిన ముద్రణాలయం ఈ పద్ధతినే లక్ష్మీ సరస్వతులను ఇంటింటి గోడకు చేర్చినది. ఆ ముద్రణాలయంలో పనిచేసిన ఫాల్కే 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ తీశాడు. దేవుని పటం, సినిమా పటం ఒకే ఇంటి బిడ్డలు. మా ఊరి గుడిసెలలో ఆ రెండూ ప్రక్కప్రక్కనే ఉండడంలో అపచారమేమీ లేదని నేను మా అమ్మతో ఎన్నోమార్లు వాదించి ఓడిపోయాను.

ఇక ‘దీనివల్ల ప్రయోజనమేమి?’ అని అడిగేవారికి ఒక్క ఉదాహరణ చాలు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’. హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన ఈ చిత్రం 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని దశాబ్దాల పాటు పుస్తకాలు వ్రాసినవి, పాఠాలు చెప్పినవి, ఉత్సవాలు జరిపినవి. పరిశోధకుడు రెంటాల జయదేవ నాటి పత్రికలలోని ప్రకటనలను, సెన్సారు వివరాలను వెదకి పట్టి, ఆ చిత్రానికి 1932 జనవరి 22న సెన్సారు అయినదని, ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైనదని నిరూపించారు. చిత్రం ప్రతి మనకు దక్కలేదు. తీసినవారు లేరు, చూచినవారు లేరు. చివరకు సాక్ష్యం చెప్పినది ఒకనాటి ప్రకటన, అనగా చదివి పారవేయడానికని అచ్చువేసిన కాగితం. ఆ కాగితాన్ని పారవేయనివాడు ఎవడో ఒకడు ఉండబట్టి గదా చరిత్ర దిద్దుకోగలిగినది!

మన దేశంలో వేయికి మించి తీసిన మూకీ చిత్రాలలో నేడు మిగిలినవి పదుల లెక్కలోనే. పూనాలో 1964లో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడేనాటికే చాలా భాగం పోయినది. ఆ భాండాగారం చిత్రాలతోపాటు పోస్టర్లనూ పాటల పుస్తకాలనూ కూడా భద్రపరచడం వివేకమైన పని. కొన్ని చిత్రాలకు ఇప్పుడు ముఖమే పోస్టరు. పరదేశాల్లోనూ ఇదే కథ. 1927 నాటి ‘లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ అనే అమెరికా మూకీ చిత్రపు చివరి ప్రతి 1960లలో అగ్నిప్రమాదంలో బూడిదైనది. దాని పోస్టరొకటి 2014 వేలంలో 4,78,000 డాలర్లు పలికింది. ఈ అంకెలు చెప్పి విద్యార్థులలో దురాశ పుట్టించడం నా ఉద్దేశం కాదు. నా దగ్గరి సరుకంతా అమ్మినా ఒక మంచి గేదె రాదని మా ఇంట్లో ఏనాడో లెక్కకట్టారు.

సేకరణలో నన్ను మిక్కిలి ఆకర్షించేది కాలనిర్ణయం. పోస్టరుమీద సంవత్సరం వేసే అలవాటు చాలావరకు లేదు. శాసనానికి శకసంవత్సరం లేనప్పుడు లిపిని బట్టి కాలం చెప్పినట్లే ఇక్కడా ఆధారాలు వెదకాలి. పాటల పుస్తకమైతే వెల చూడండి. ‘రెండు అణాలు’ అని ఉంటే దశాంశ నాణేలు వాడుకలోకి రాకముందుది. ‘12 న. పై.’ అని ఉంటే 1957 ఏప్రిల్‌కూ 1964 జూన్‌కూ నడుమది; ‘నయా’ అనే మాట మన పైసాకు ఆ ఏడేండ్లే ఉన్నది. ఉత్త ‘పైసలు’ అని ఉంటే ఆ తరువాతది. అట్టపై ముద్రాపకుని చిరునామా చూడండి. ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టుకు ముందుది కానేరదు. మద్రాసు చెన్నై అయినది 1996లో. పిల్లలకు ఈ ఆట ఒకసారి నేర్పి చూచాను. చరిత్ర పాఠంలో తేదీ అంటే విసుక్కొనేవారు, నయాపైసా దగ్గరికి వచ్చేసరికి గూఢచారులై పోయారు.

ఐతే ఒక హెచ్చరిక. విడుదలైన సంవత్సరమూ, ఊరిలో ఆడిన సంవత్సరమూ ఒకటి కావు. పట్టణాలలో ఆడి ఆడి గీతలు పడిన తరువాతగాని ప్రతి మా డేరాకు వచ్చేది కాదు. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మా ఊరి ప్రక్క పల్లెలోని ఒక వృద్ధురాలు చెప్పింది. ఆమె భర్త టూరింగు టాకీసులో పోస్టర్లు అంటించే పనిమనిషి. మైదాపిండి ఉడికించిన బక్కెట్టు, కొబ్బరిపీచు కుంచె, చుట్టచుట్టిన కాగితాలు — ఇవి సైకిలుకు తగిలించుకొని తెల్లవారకముందే బయలుదేరేవాడట. తెల్లవారితే మేకలు కాచుకొని ఉండేవి. అంటించిన పోస్టరును పిండి రుచికి సగం మేసేవి. ‘అడవి రాముడు’ బొమ్మ ఆడినప్పుడు తనకు చిన్నకొడుకు పుట్టినాడని ఆమె చెప్పింది. చిత్రం 1977 నాటిది. బడిలో వ్రాయించిన పుట్టినతేదీ 1979. నేను బడివారి లెక్క తప్పనుకొన్నాను. తప్పు నాదే.

పదేండ్ల క్రితం వేసవి సెలవులలో ఆమె ఇంటికి పోయినప్పుడు వంటింటి అటకమీద ఒక తడిక చూచాను. బండికి కట్టిన తడికలలో ఒకటి. డేరా ఎత్తివేసినప్పుడు రావలసిన కూలికి బదులుగా ఇంటికి తెచ్చుకొన్నాడట. ఒక పోస్టరుమీద ఒకటి, దానిమీద మరొకటి అంటించగా అంటించగా కాగితాలు బిగిసి చెక్కవలె గట్టిపడినవి. పొయ్యిపొగకు నల్లబడినవి గాని, ఆ పొగవల్లనే కాబోలు చెదలు ముట్టలేదు. అన్నింటికంటె పైన ఉన్నది ‘శంకరాభరణం’.

నాకు వెంటనే అమెరికాలోని ఒక కథ తలపుకు వచ్చింది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బెర్విక్ అనే ఊళ్ళో ఒక ఇంటి అటకమీద 1930-31 నాటి పోస్టర్లు ముప్పైమూడు, ఒకదానికొకటి అంటుకొని అట్టల కట్టగా దొరికినవి. వాటికి ఆవిరి పట్టి, పొర పొర విడదీసి, 2012లో వేలం వేస్తే 5 లక్షల డాలర్లకు మించి వచ్చినవి. మైదా జిగురు ఆవిరికి మెత్తబడుతుంది; ఓర్పు కలిగిన చేయి ఉంటే విడదీయవచ్చు. అయితే అన్ని పొరలూ దక్కవు. పైనున్నది చాలా ఏండ్లు గాలికీ పొగకూ ఆనినది గనుక మొట్టమొదట బలి అయ్యేది అదే. మునుపొకసారి ఒక ప్రతిని బాగుచేయించుదామని ఒక దుకాణంలో ఇస్తే, వారు ప్లాస్టిక్ పొర వేసి శాశ్వతంగా చెడగొట్టి ఇచ్చారు. నాటినుండి ఈ పని నేనే నేర్చుకొన్నాను. జిగురు టేపు అంటించరాదు, మడతపెట్టరాదు, ఎండ తగలనీయరాదు; ఇంతే సూత్రాలు, మిగిలినదంతా భయమూ భక్తీ.

తడిక క్రింది మూలను ఎలుక కొరికినది. కొరికినచోట పొరలు మెట్లు మెట్లుగా కనబడుతున్నవి. లెక్కపెట్టాను, పదకొండు. కళ్ళజోడు సవరించుకొని లోపలి మెట్లలో ఒకదానిమీద చూస్తే అక్షరం ఒక్కటి: ‘క్షి’. చిత్రం పేరులో చివరి అక్షరమని స్పష్టంగా తెలుస్తున్నది. అది ‘సాక్షి’యే అయితే ఈశ్వర్‌గారి తొలినాటి పని మా చెరువు క్రింది పల్లెలో, వంటింటి అటకమీద, అర్ధశతాబ్దంగా దాగి ఉన్నదన్నమాట. కాకపోతే మరేదో ‘క్షి’. ఆ రాత్రి నాకు నిద్రలేదు.

తెల్లవారి పోయి తడికను నాకిమ్మని అడిగాను, వెల కూడా చెప్పాను. ఆమె వెల మాట పట్టించుకోలేదు. “దాన్నేం చేస్తావు అబ్బయా?” అన్నది. పై కాగితాలు తీసి లోపలివి చూస్తానన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “లోపలియ్యి ఎవురైనా అంటించి ఉండొచ్చు. ఆ పైది మాత్రం తియ్యబాక. అది ఆయన చేత్తో అంటించిన ఆకరుది. ఆ తెల్లారి జొరమొచ్చి పడుకున్నాడు, మళ్ళా లెయ్యలా” అన్నది.

చదువుకొన్నవాడను గనుక నా దగ్గర వాదాలకు కొదువలేదు. పై పొరను నీటితో తడిపి ముక్కలు కాకుండా తీయవచ్చునని, దానిని వేరొక అట్టమీద అంటించి ఆమెకే ఇస్తానని, పటం కట్టించి ఇస్తానని చెప్పవచ్చును. కాని అది అంటించినది నేనవుతాను, ఆయన కాదు. కాగితం దక్కుతుంది, ఆమె దాచుకొన్నది దక్కదు. భక్త ప్రహ్లాద తేదీని గూర్చి తరగతిలో అంత గట్టిగా చెప్పే నోరు ఆ వంటింట్లో పెగలలేదు.

మరుసటి వేసవినుండి ఏటా ఒకమారు పోతున్నాను. ఎలుకలు రాకుండా అటకకు ఇనుపజల్లెడ కొట్టించాను. వేపాకు ఎండబెట్టి పరుస్తున్నాను. మూల దగ్గర దీపం పెట్టి, అద్దంతో చూచి, ‘క్షి’ కొలత వ్రాసుకొని వస్తాను: నిలువు నాలుగంగుళాలు, ఎరుపు, అంచున పసుపు గీత. ఆమెకు ఇప్పుడు చూపు మందగించింది. గుమ్మంలో నా అడుగు వినపడగానే, “ఆడనే ఉండాది, పోయి చూసుకో” అంటుంది.