ఐర్లండు కరువును మన గుంటూరు కరువును

ప్రపంచచరిత్ర పాఠము చెప్పుచుండగా, వాడరేవునుండి వచ్చు విద్యార్థి యొకడు లేచి మమ్మిట్లడిగెను: "అయ్యా! ఐర్లండు ద్వీపము గదా, చుట్టును సముద్రమే గదా. దుంపలు కుళ్లిపోయినచో చేపలు పట్టుకొని తినరాదా? పదిలక్షలమంది యేల చావవలెను?" తరగతిలో కొందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. పందొమ్మిదవ శతాబ్దమున ఐర్లండు దేశమునందు భూమిని గూర్చియు, బీదరికమును గూర్చియు జరిగిన వాదములన్నియు నా ప్రశ్నచుట్టునే తిరిగినవి. మన జిల్లా చరిత్రయు దానికి బదులు చెప్పుచున్నది. కావున నీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఐర్లండులో నాడు భూమి కొద్దిమంది దొరలది. వారిలో పలువురు ఇంగ్లండున కాపురముండి భూములను మధ్యవర్తులకు గుత్తకిచ్చెడివారు. ఆ మధ్యవర్తులు వానిని ముక్కలుముక్కలు చేసి పేదకాపులకు కౌలుకిచ్చెడివారు. కాపు పండించిన ధాన్యము, పెంచిన పంది కౌలు క్రింద పోవును. అతని కుటుంబమునకు మిగులునది బంగాళదుంపల మడి యొక్కటే. పెక్కుచోట్ల కౌలుకు స్థిరమైన గడువు లేదు. కాపు రాళ్లేఱి, మురుగుకాలువ త్రవ్వి భూమిని బాగుచేసినచో, దానినే కారణముగా జూపి కౌలు పెంచుటయు, ఒప్పుకొననిచో వెడలగొట్టుటయు గలదు.

1845 లో దుంపచేలకు తెగులు సోకెను. మన మిరపచేనికి తెగులు వచ్చిన యేడు రైతు నష్టపడునే గాని, అతని యింట వండుకొను బియ్యము కుళ్లిపోదు. ఐర్లండు కాపునకు చేనిలోని దుంపయే తిండి. ఏడెనిమిదేండ్లలో రమారమి పదిలక్షలమంది చనిపోయిరి. మఱి పదిలక్షలమంది ఓడలెక్కి దేశము విడిచిరి. 1841 జనాభా లెక్కలలో 82 లక్షలకు దగ్గరగా నున్న జనసంఖ్య 1851 నాటికి 65 లక్షల చిల్లరకు దిగెను. ఇంత జరుగుచుండగనే ధాన్యమును పశువులును ఆ దేశపు రేవులనుండి ఇంగ్లండునకు ఎగుమతి యగుచునే యుండెను. తిండి లేకపోలేదు, దానిని కొనగల ధనము పేదలచేత లేకపోయెను.

చేపల మాటయు నట్టిదే. గాల్వే పట్టణమును ఆనుకొనియున్న క్లాడా పల్లెలోని జాలరులు, ఇంట గింజలేక, వలలను తాకట్టుపెట్టి తిండి కొనిరి. పిమ్మట సముద్రము ఎదుటనే యున్నను వేటకు పోవుటకు వల లేదు. ఆ ప్రశ్న వేసిన విద్యార్థి తన తాతనడిగినచో నిజము తెలియును. వేటకు పోవువాడు చేపలే తిని బ్రదుకడు. చేపలమ్మి బియ్యము కొనును. కరువునాడు చేపలకు బేరము లేదు, బియ్యమునకు ధర యాకాశమునంటును.

ఇప్పుడు మన సీమకు వత్తము. ఐర్లండు కరువునకు పండ్రెండేండ్లు ముందు, 1832-33 లో, నందన నామ సంవత్సరమున గుంటూరు మండలమును ఘోరమైన క్షామము పీడించెను. పెద్దలు దీనిని నందన కరువనియు, డొక్కల కరువనియు ననిరి. ఐదులక్షల జనులున్న మండలమున రమారమి రెండులక్షలమంది నశించిరని పిమ్మటివారు వ్రాసిరి. మద్రాసునకు పోవు బాటవెంట శవములు పడియుండెనట. వానలు లేకపోవుట దీనికి మొదటి కారణము. రెండవ కారణము భూమి యేర్పాటు. 1802 లో వచ్చిన శాశ్వత పైసలా ప్రకారము జమీందారు సర్కారునకు చెల్లింపవలసిన పేష్కషు వాన కురిసినను కురియకున్నను ఒక్కటే. జమీందారు గ్రామములను గుత్తదార్లకిచ్చును. గుత్తదారు రైతును పిండును. మంచియేట రైతు ఇంట గింజ నిలువకున్న, చెడుయేట గాదె వెదకి లాభమేమి?

కరువునకు కారణమెవరను వాదము రెండుదేశములందును పుట్టెను. ఒకపక్షమువారు, బీదలు సోమరులు, కరువు దైవఘటన, వర్తకమునందు ప్రభుత్వము చేయిపెట్టరాదు అనిరి. రెండవపక్షమువారు, శ్రమఫలము తనది కానిచోట సోమరితనము నెట్లు నిందింతుము, మొదట కౌలుపద్ధతిని మార్చుడు అనిరి. డెవన్ ప్రభువు అధ్యక్షతను 1843 లో నియమింపబడిన విచారణసంఘము వేయిమందికి పైగా సాక్షులను విచారించి, భూమిని బాగుచేసిన కాపునకు పరిహారమీయవలెనని 1845 ఫిబ్రవరిలో చెప్పెను. ఆ మేరకు వచ్చిన బిల్లు ప్రభువుల సభలో ఎదురుదెబ్బ తిని మూలబడెను. అదే సంవత్సరము తెగులు వచ్చెను.

అప్పుడు లండను ఖజానాలో సహాయపుపనుల పెత్తనము చార్లెస్ ట్రెవిలియన్ అను నుద్యోగిది. ఆయన మొదటి పక్షమువాడు. కరువును దైవము పంపిన గుణపాఠముగా నెంచి వ్రాసెను. ఆయనయే 1859 లో మద్రాసు గవర్నరుగా వచ్చి, ఇచ్చటి ప్రజలపై క్రొత్త ఆదాయపుపన్ను వేయరాదని బహిరంగముగా వాదించి, మరుసటి యేడు పదవినుండి పిలిపింపబడెను. ఒకచోట బీదలయెడ కఠినుడైనవాడు మఱియొకచోట ప్రజలపక్షము వహించుట వింతయే గాని, చరిత్రలో మనుష్యులిట్లే యుందురు.

గుంటూరులో 1845 నాటికి జమీందారీలు బకాయిలలో మునిగియుండెను. ప్రత్యేక కమిషనరుగా వచ్చిన వాల్టర్ ఎలియట్, అమరావతి శిల్పములను త్రవ్వించినవాడే, ఈ దుస్థితిని విచారించి నివేదిక వ్రాసెను. వాసిరెడ్డివారు మున్నగు వంశముల జమీందారీలు సర్కారు వశమయ్యెను. ఐర్లండులోను 1849 చట్టముచే అప్పులపాలైన ఎస్టేటులను అమ్మివేసిరి. కాని యచ్చట క్రొత్తగా కొన్న దొరలు పలువురు కౌలు పెంచిరి. ఇచ్చట జమీందారు స్థానమున సర్కారు శిస్తు వచ్చెను. యజమానిని మార్చినంతమాత్రమున రైతు బరువు తగ్గదని రెండుదేశములును నేర్చుకొనెను.

ఆ బరువును లోకమునకు తెలిపినవారిలో మద్రాసునందలి తెలుగువర్తకుడు గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి ముఖ్యుడు. ఆయన 1844 లో క్రెసెంటు పత్రికను, 1852 లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించి, రైతుల బాధలను విన్నవించుచు పార్లమెంటునకు అర్జీ పంపించెను. తత్ఫలితముగా వచ్చిన విచారణసంఘము, శిస్తు రాబట్టుటకు రైతులను ఎండలో వంచి నిలుపుటయు, వ్రేళ్లను చెక్కలనడుమ బిగించుటయు నిజమేనని 1855 లో ఒప్పుకొనెను. ఆర్థర్ కాటన్ మఱియొక త్రోవను జూపెను: నీరున్నచో కరువు రాదని వాదించి గోదావరికి ఆనకట్ట కట్టించెను. 1855 నాటికి బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్టయు సిద్ధమయ్యెను. చీరాల ప్రాంతమున పారు కొమ్మమూరు కాలువ ఆ నీటిదే.

అయినను 1876-78 లో మరల కరువు వచ్చెను. సర్ రిచర్డు టెంపుల్ పనివానికి దినమునకు ఒక పౌను గింజలును కొద్దిపాటి డబ్బును చాలుననగా, మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్, అది కాయకష్టము చేయువానిని చంపు కూలియని లెక్కలతో నెదిర్చెను. బకింగుహాము కాలువ ఆనాటి పనియే. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దానిలో మూడున్నర మైళ్లు కంట్రాక్టు తీసికొనెను. ఇతర పనులయొద్ద మేస్త్రీలచే తిట్లు తిని, త్రాగునీటికి సైతము దూరముగా నిలువవలసివచ్చిన మాదిగలకు తన పనియొద్ద చోటిచ్చెను. కూలి యెంతయను ప్రశ్నతోబాటు, కుండలోని నీరు ఎవరికి అను ప్రశ్నయు మన కరువులో నుండెను. ఐర్లండునకు లేని యీ ప్రశ్న మనకు సిగ్గు కలిగించునది. 1880 లో క్షామసంఘము, ప్రజలను బ్రదికించుట ప్రభుత్వధర్మమని అంగీకరించెను.

ఐర్లండులో 1879 లో మైకేల్ డేవిట్, పార్నెల్ మున్నగువారు భూసమితిని స్థాపించిరి. మరుసటి యేడు కాపులు బాయికాట్ అను ఎస్టేటు ఏజెంటుతో పని, పలుకు, బేరము మానివేయగా, ఆతని పేరే బహిష్కారమునకు మాటయయ్యెను. 1921-22 లో మన పెదనందిపాడు రైతులు శిస్తు చెల్లింపమని నిలిచినపుడు ఆ మాట మనకును పరిచితమే. 1881 చట్టము న్యాయమైన కౌలును, స్థిరమైన సాగును, హక్కు నమ్ముకొను స్వేచ్ఛను ఐర్లండు కాపునకిచ్చెను. 1903 చట్టము భూమినే కొనుటకు అప్పు చూపెను. మన యెడ 1908 లో ఎస్టేటుభూముల చట్టమును, 1948 లో జమీందారీ రద్దు చట్టమును వచ్చినవి.

కాగితముమీద వాదము ముగిసినది గాని పొలములో ముగియలేదు. ప్రత్తి, మిరప పండించువారిలో నేటికిని నోటిమాట కౌలుదారులు పెక్కురు. వారికొఱకు 2011 లోను 2019 లోను రాష్ట్రమున చట్టములు చేయబడినవి. వ్రాతపూర్వకమైన కౌలుపత్రమునకు భూస్వామి జంకుటయు, పత్రము లేనివానికి బ్యాంకి అప్పును పంటనష్టపు సొమ్మును అందకుండుటయు మానలేదు. తెగులు వచ్చిన యేడు నష్టము దున్నినవానిది, పరిహారము పట్టాలో పేరున్నవానిది అగుచున్నది.

కావున, మా విద్యార్థీ, నీ ప్రశ్నకు మా బదులిది. కరువున జనులు సముద్రము లేక చావలేదు, గింజలు లేకయు చావలేదు. భూమిమీదను, గింజమీదను, వలమీదను, తమ కాయకష్టముమీదను హక్కు లేక చనిపోయిరి. డెవన్ సంఘము వారి మాటను విని వ్రాసికొనెను గాని, మూడువందల అరువదిదినములలో నే చట్టమును రాలేదు. డొక్కల కరువున పోయిన రెండులక్షలమంది మాట వ్రాసికొన్నవారే అరుదు. నీవు చదువు నేర్చితివి. నీ పల్లెలో కౌలుకు దున్నువారి మాటను, వలవేయువారి మాటను ముందుగా నీవు వ్రాసి యుంచుము.