బొక్కల బలం గోళీల్లోనే ఉందా?

కొత్తగూడ వైపు మోకాలు పట్టుకుని లేచే ఏ అవ్వనడిగినా ఒకటే మాట: “క్యాల్షియం తక్కువైంది బిడ్డా.”

అపోహ: మోకాళ్లు నొస్తే క్యాల్షియం తగ్గినట్టే.
ముదిమిలో మోకాలి నొప్పికి ఎక్కువసార్లు కారణం గుజ్జు అరగడం. ఆ గుజ్జును క్యాల్షియం గోళీ మళ్లీ పెంచదు. బొక్క గుల్లబారితే మొదట నొప్పే ఉండదు. జారిపడి తుంటి విరిగిన నాడు తెలుస్తుంది.

అపోహ: ఎంత మింగితే అంత గట్టి.
ఈ మాట నల్లగొండలో అని చూడండి. అక్కడ నీళ్లలోని ఫ్లోరైడ్ బొక్కల్లో పేరుకుంది. ఎక్స్‌రేలో వెన్నుపూస దట్టంగా కనిపించేది, మనిషి మాత్రం వంగలేకపోయేవాడు. ఈ ఫ్లోరైడ్ జబ్బున్న చోట మోకాళ్లు లోపలికి వంగడం, బొక్కలు గుల్లబారడం గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో ‘లాన్సెట్’లో రాశారు. దట్టంగా ఉన్నదంతా గట్టిది కాదు.

డి విటమిన్‌దీ అదే తంతు. 70 ఏళ్లు దాటిన ఆస్ట్రేలియా స్త్రీలకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఒకే మోతాదుగా ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారికన్నా వీళ్లే ఎక్కువ పడ్డారు, వీళ్ల బొక్కలే ఎక్కువ విరిగాయి. ఆ ఫలితం 2010లో వెలువడింది. డాక్టరు కొన్ని వారాలకని రాసిన 60 వేల యూనిట్ల గోళీని అదే చీటీతో ఏళ్ల తరబడి కొనే ఇళ్లు మనకు కొత్త కాదు. లోపముంటే గోళీ మందే, కాకపోతే దానికో లెక్కుంది.

అపోహ: బొక్కల చారుతో బొక్కలు గట్టిపడతయి.
రుచికి తాగండి. చారులోకి దిగే క్యాల్షియం కొద్దే. ముల్లుతో సహా నమిలే చిన్న ఎండు చేపలు నయం.

అపోహ: పాలు కొనలేనోళ్లకు క్యాల్షియం దొరకదు.
100 గ్రాముల ఆవు పాలలో సుమారు 120 మిల్లీగ్రాములుంటే, రాగుల్లో 340కి పైనే. నువ్వుల్లో వెయ్యి దాటుతుంది. సద్దుల బతుకమ్మ నాటి నువ్వుల పొడి ఏడాదికి ఒక్కరోజుతో ఎందుకు ఆగిపోవాలి?

అపోహ: ముసలోళ్లకు గంజి, మెత్తటన్నం చాలు.
అన్నిట్లోకీ చెడ్డది ఇదే. కండ కరిగితే కాలు తడబడుతుంది, పడితే బొక్క విరుగుతుంది. కిడ్నీ జబ్బు లేకుంటే పప్పు, గుడ్డు, చేప ముసలివాళ్ల కంచంలో తగ్గకూడదు.

ఈ రాత్రే మీ అవ్వనో తాతనో కుర్చీలో కూర్చోబెట్టి, చేతుల ఊతం లేకుండా ఐదుసార్లు లేచి కూర్చోమనండి. పక్కనే నిలబడండి. 15 సెకన్లు దాటితే కండబలం తగ్గిందేమోనని డాక్టరుకు చూపించండి.