మీకు తెలుసా? చైనా చక్రవర్తి సింహాసనం మన ఎర్రచందనమే

చైనాలో ఛింగ్ వంశపు చక్రవర్తులు తమ సింహాసనాలకూ తెరలకూ బల్లలకూ ఏరికోరి వాడిన కలప పేరు జితాన్. అది మన ఎర్రచందనమే. ఖరీదైన గట్టి కలపలకు చైనా ప్రభుత్వం ప్రమాణాలు రాసినప్పుడు జితాన్ కింద చేర్చింది ఈ ఒక్క చెట్టునే. ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో మాత్రమే. అంటే శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, లంకమల ఉన్న మన రాయలసీమ, నెల్లూరు అడవులే దాని పుట్టిల్లు.

2009 అక్టోబరులో హాంకాంగ్‌లో సోత్‌బీస్ సంస్థ, ఛియెన్‌లాంగ్ చక్రవర్తి కాలానికి చెందిన ఒక జితాన్ సింహాసనాన్ని వేలం వేసింది. దాని మీద డ్రాగన్లు చెక్కి ఉన్నాయి. 8 కోట్ల 57 లక్షల హాంకాంగ్ డాలర్లు పలికింది. చైనా ఫర్నిచర్‌కు అప్పటికి అదే రికార్డు.

ఆ కలపకు అంత విలువ ఎందుకంటే, పనికొచ్చేది లోపలి చేవ ఒక్కటే. అది ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. తీరా నరికాక చాలా దుంగల నడుమ డొల్ల కనిపిస్తుంది. అందుకే వెడల్పాటి పలక దొరకడం అరుదు. నీళ్లలో వేస్తే మునిగేంత బరువు, వెంట్రుకవాసి చెక్కడం కూడా చెదరకుండా నిలిచేంత సన్నని పోగు దాని సొంతం. రాజదర్బారుకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆ మోజు ఇప్పటికీ తీరలేదు. 1995లో ఎర్రచందనాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో జాబితాలో చేర్చారు. అయినా దొంగరవాణా ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పులకు 20 మంది తమిళనాడు కూలీలు బలయ్యారు. చైనా ఫర్నిచర్ ధరల గురించి మాట్లాడేటప్పుడు వాళ్లను లెక్కలోంచి తీసేయడం నాకు న్యాయంగా తోచదు.

అయితే చైనా సామాను బాగా తెలిసినవాళ్లు చాలామంది జితాన్‌కన్నా ఒక మెట్టు పైన పెట్టేది హువాంగ్‌హువాలి కలపను. అది హైనాన్ దీవిలో పెరిగే చెట్టు. తేనెరంగు, సువాసన, దయ్యం ముఖాల్లా సుళ్లు తిరిగే ముడులు దాని గుర్తులు. మింగ్ కాలంలో, 1567లో సముద్ర వ్యాపారం మీద నిషేధం సడలించాక, గట్టి కలపలు ఓడల్లో విరివిగా రాసాగాయి. వాటితో చేసిన కుర్చీల్లో నగిషీ తక్కువ, గీత అందం ఎక్కువ. మేకు కనబడదు. కుసి, బెజ్జం కలిపి బిగించిందే అంతా. బల్ల పైపలకను చట్రంలోని గాడిలో వదులుగా కూర్చోబెడతారు. వానాకాలం చెమ్మకు ఉబ్బినా, ఎండకు కుంచించుకున్నా పలక పగలదు. 400 ఏళ్ల బల్ల ఇవాళ కూడా గట్టిగా నిలబడిందంటే ఆ గాడి చలవే.

ఇంత గొప్ప పనితనాన్ని చైనాలోనే చాలాకాలం కళగా చూడలేదు. బొమ్మలు, దస్తూరి, కంచు, పచ్చరాయి సేకరించిన పండితులకు కుర్చీ కేవలం కూర్చునే వస్తువు. 1944లో బీజింగ్‌లో గుస్తావ్ ఎకె అనే జర్మన్ పండితుడు కొలతలతో, బొమ్మలతో పుస్తకం వేశాడు. ఆ దారిలో జీవితాంతం నడిచినవాడు వాంగ్ షిషియాంగ్. పాత సామాను అంగళ్లు గాలించి, తెచ్చినవన్నీ ఇంట్లో కుక్కి పెట్టుకున్నాడు. 1976లో తాంగ్‌షాన్ భూకంపం బీజింగ్‌నూ వణికించినప్పుడు, పాత బీరువానే పక్కగా చేసుకుని అందులో పడుకున్నాడు. 1985లో ఆయన పుస్తకం వచ్చాక లోకం కళ్లు తెరిచింది. ఆయన సేకరణలోని 79 వస్తువులు ఇప్పుడు షాంఘై మ్యూజియంలో ఉన్నాయి. చైనా ఫర్నిచర్ గురించి ఒక్క పేరు గుర్తుపెట్టుకోవాలంటే నేను ఆయన పేరే చెబుతాను.

మరి ధర కట్టేదెలా? తెలిసినవాళ్లు ముందు కుర్చీని తిరగేస్తారు. మింగ్ కాలపు సామానులో చాలావాటికి అడుగున నారబట్ట అతికి లక్కర్ పూత పూసేవాళ్లు, చెమ్మ తగలకుండా. ఆ పూత జాడ మిగిలితే మంచి సూచన. తర్వాత ముందుకాళ్ల మధ్య అడ్డపట్టీ చూస్తారు. తరాల తరబడి పాదాలు ఆనిన పట్టీ నడుమ అరిగి ఉండాలి. పట్టీ నేలకు మరీ దగ్గరగా ఉందంటే, తడి ఇటుకనేల మీద కాళ్లు పుచ్చితే కోసేశారన్నమాట. కూర్చునే చోట అసలు బెత్తం అల్లిక మిగలడం అరుదు కాబట్టి కొత్త అల్లికను పెద్ద తప్పుగా ఎంచరు. ఒక కాలు మార్చినా, రెండు విరిగిన కుర్చీలు కలిపి ఒకటి చేసినా విలువ పడిపోతుంది. విదేశీ కొనుగోలుదారుల కోసం ఒకప్పుడు గీకి మెరుగుపెట్టిన సామాను కన్నా, పాత నిగారింపు చెక్కుచెదరనిదానికే ఇప్పుడు గిరాకీ.

ఏళ్ల లెక్క ఒక్కటే సరిపోదు. ఊళ్లలో వాడిన ఎల్మ్ కలప బల్ల 300 ఏళ్లదైనా, అదే వయసు హువాంగ్‌హువాలి బల్ల ధరలో చిన్న వంతుకు కూడా తూగదు. మడతపెట్టే గుర్రపులాడం ఆకారపు కుర్చీలది వేరే లోకం. ప్రయాణాల్లో తిప్పి తిప్పి చాలావరకు విరిగిపోయాయి, మిగిలినవి బహు కొద్ది. 2022లో జోసెఫ్ హోతుంగ్ సేకరణలోని అలాంటి కుర్చీ ఒకటి హాంకాంగ్‌లో 12 కోట్ల 46 లక్షల హాంకాంగ్ డాలర్లకు పోయింది. జతగా దొరికితే ధర రెట్టింపుతో ఆగదు, నాలుగు కలిసి ఉంటే చెప్పనక్కర్లేదు. 2015లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ రాబర్ట్ ఎల్స్‌వర్త్ సేకరణ నుంచి, మడత లేని గుర్రపులాడం కుర్చీలు నాలుగు వేలానికి పెట్టింది. అంచనా 8 నుంచి 12 లక్షల అమెరికా డాలర్లు. సుత్తి దెబ్బ పడి రుసుములన్నీ కలిశాక తేలిన లెక్క 96 లక్షల 85 వేలు.